రెండు పట్నాలు, ఒక నడిమి కాగితం

మా మనవరాలికి బిజినెస్ స్కూల్లో సీటు వచ్చింది. స్కూలు ఒకటే గానీ రెండు పట్నాల్లో ఉంది. ఏ పట్నంలో చేరతావో నువ్వే తేల్చుకుని కార్డు మీద టిక్కు పెట్టి పంపు, ఒకసారి పంపాక మార్చడం కుదరదు అని ఉత్తరం రాశారు. ఇప్పటిలా అన్నీ ఫోన్లో చూసుకునే రోజులు కావు. ఉత్తరంతో పాటు రెండు పల్చటి పుస్తకాలు వచ్చాయి, ఒక్కో పట్నం గురించి ఒకటి.

మొదటి పట్నానికి బస్సులో రెండున్నర గంటలు. రెండోదానికి రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ. నాకు ఏది కావాలో వేరే చెప్పక్కర్లేదు.

మనుషులు వెళ్తుంటే చూడటం నావల్ల కాదు. మా చెల్లెలు పది రోజుల్లో వచ్చేస్తానని దువ్వెన కూడా ఇక్కడే వదిలి వెళ్లింది. ఆ దువ్వెన ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మా ఆయన బైండింగు గుడ్డ కొనుక్కొస్తానని వెళ్లాడు. మర్నాడు గుడ్డ వచ్చింది, ఎవరో తెచ్చి ఇచ్చారు. ఆయన రాలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు చెప్పులేసుకున్నా ఎక్కడికని అడుగుతాను. మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికైనా సరే.

మాది బైండింగు షాపు. కింద షాపు, పైన ఇల్లు. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ నాకు ఫారాలు మడిచే పని. అచ్చయి వచ్చే పెద్ద కాగితాన్ని ఫారం అంటారు, మూడు మడతలు పెడితే పదహారు పేజీలవుతుంది. నేను బడికి వెళ్లలేదు. మడిచే కాగితాల మీదే అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందుకే చాలా కథలు నాకు మధ్యలోనే తెలుసు. మొదలూ చివరా వేరేవాళ్ల బల్ల మీదికి వెళ్లేవి.

పుస్తకాలు వచ్చినప్పుడు మనవరాలు ఇంట్లో లేదు. డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి శనివారం వస్తుంది. అవి పోస్టులో నలిగాయి, ఒకదానికి పిన్ను ఊడిపోయి ఉంది. పిన్ను కొట్టిన పుస్తకమంటే మా ఇంట్లో అందరికీ చిన్నచూపు. తడి తగిలితే పిన్ను తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది. ఇంట్లోకి వచ్చిన ఏ పుస్తకానికైనా పిన్నులు పీకి దారంతో కుట్టడం నాకు అలవాటు. కుట్టు మిషనుతో వచ్చిన గ్యారంటీ పుస్తకాన్ని కూడా వదల్లేదు. వీటికీ పిన్నులు తీసి, కాగితాలు విడదీసి, మడతలు సరిచేసి, దబ్బనంతో కొత్త కన్నాలు పొడిచి కుట్టేశాను. రెండూ ఒకే కొలత, ఒకే నీలం అచ్చు, పేజీలూ అన్నే. పట్నం పేరు అట్ట మీదే ఉంది, లోపలి పేజీల మీద స్కూలు గుర్తు మాత్రమే ఉంది.

శనివారం మనవరాలు దిగింది. మాటకు మాట అప్పజెబుతుందని ఇంట్లో అందరం దాన్ని లాయరమ్మ అంటాం.

"మళ్లీ కుట్టేశావా నానమ్మా? నన్ను కూడా కుట్టేసి ఇక్కడే పెట్టేసుకోరాదూ?"

"దారం చాలదే" అన్నాను.

జిగురు బల్ల దగ్గర కూచుని రెండూ ముందు నుంచి వెనక దాకా చదివింది. వాళ్ల నాన్న, అంటే మా అబ్బాయి, కటింగ్ మిషన్ దగ్గర ఉన్నాడు.

"నాన్నా, నేను దగ్గరి పట్నానికే వెళ్తా."

ఇద్దరం పని ఆపాం. ఏడాదిగా అది దూరపు పట్నం పాటే పాడుతోంది.

"అదేంటమ్మా, అక్కడ సముద్రం ఉందన్నావుగా?" అన్నాడు మావాడు.

"సముద్రం వచ్చి నా పరీక్షలు రాస్తుందా? ఇది చూడు. రెండో ఏడాది ఆరు నెలలు చిన్న కార్ఖానాల్లో పని చేయిస్తారంట. పదిమంది లోపు పనివాళ్లున్నవి. అవి మూతపడకుండా ఎలా నడపాలో నేర్పుతారు. దూరం దాంట్లో అన్నీ బ్యాంకులూ ఇన్సూరెన్సు కంపెనీలే. బ్యాంకులో కూచోడానికి నేనే దొరికానా వాళ్లకి?"

మావాడు మిషన్ చక్రాన్ని ఊరికే అటూ ఇటూ తిప్పాడు. ఆ ఏడు మా షాపులో ఇద్దరు పనివాళ్లను మానిపించాం.

"నానమ్మ మొహం చూడు, ఎలా వెలిగిపోతోందో" అంది లాయరమ్మ.

"నా మొహం ఎప్పుడూ ఇంతే" అన్నాను.

సోమవారం పొద్దున కార్డు మీద దగ్గరి పట్నానికి టిక్కు పెట్టి నా చేతికిచ్చింది. "నీ రాత అచ్చులా ఉంటుంది కదా, కవరు మీద అడ్రసు రాసిపెట్టు. పుస్తకం వెనక అట్ట లోపలి వైపు ఉంది" అని స్నానానికి వెళ్లింది.

అడ్రసు రాసి, కార్డు కవర్లో పెట్టి అంటించాను. పుస్తకం మూయబోతే, కుట్టిన పుస్తకం కదా, సరిగ్గా మధ్యకి తెరుచుకుంది. కిటికీలోంచి ఎండ మడత మీద పడింది. పాత పిన్నుల కన్నాలు కనిపించాయి. అన్ని కాగితాల్లోనూ అవి ఒకే వరసలో ఉండాలి. నడిమి కాగితంలో మాత్రం ఒక అంగుళం కిందికి ఉన్నాయి. రెండో పుస్తకం తీసి చూశాను. దాంట్లో నడిమి కాగితానికి అంగుళం పైకి ఉన్నాయి.

కార్ఖానాల సంగతంతా ఆ నడిమి కాగితం మీదే ఉంది.

యాభై ఏళ్లలో ఒకదాని కాగితం ఇంకోదాంట్లో పెట్టి కుట్టడం అదే మొదలు. కవరు సిద్ధంగా ఉంది. నేను నోరు విప్పకపోతే పిల్ల రెండున్నర గంటల దూరంలో ఉంటుంది. రెండో ఏడాది దాకా దానికి తెలియదు. తెలిసినా స్కూలువాళ్లు మాట తప్పారనుకుంటుంది, నన్నెవరూ అనుమానించరు. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు వినబడినంతసేపూ ఇదే ఆలోచించాను. బాగానే ఉందనిపించింది కూడా.

తప్పు ఫారం పడ్డ పుస్తకం షాపు గడప దాటకూడదనేవాడు మా ఆయన. ఒకసారి అలాంటిది దాటిపోతే, కొన్నవాడి వెంట మూడు వీధులు పరుగెత్తి వెనక్కి తెచ్చాడు. కొన్నవాడు అప్పటికింకా విప్పి చూడనైనా లేదు.

నీళ్ల చప్పుడు ఆగింది. తలకు తువ్వాలు చుట్టుకుని లాయరమ్మ వచ్చింది.

"ఇలా రా" అన్నాను. "నడిమి కాగితాలు తారుమారయ్యాయి. నేనే చేశాను. కార్ఖానాలు దూరపు పట్నంలో. బ్యాంకులు దగ్గర."

పుస్తకాలు రెండూ ఎండకి ఎత్తి చూసింది. బైండరు కూతురు కదా, విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"కావాలని చేశావా?"

"లేదే. కళ్లు కనిపించక."

"ఎప్పుడు తెలిసింది?"

"ఇందాక. తెలిశాక ఊరుకుందామనుకున్నాను."

"ఎంతసేపు?"

"నువ్వు స్నానం చేసినంతసేపు."

"నేను గంటసేపు చేసుంటే?"

అది కవరు చించి కార్డు బయటికి తీసింది. మొదటి టిక్కు కొట్టేసి, రెండో గడిలో పెట్టి, పక్కన సంతకం చేసింది. ఇంకో కవరు తెచ్చి నా ముందు పెట్టింది.

"అడ్రసు మళ్లీ రాయి. ఈసారి రెండో పుస్తకంలోది చూసి. అట్ట అయినా సరైనదేనా?"

"అట్ట సరైనదే" అన్నాను.

పోస్టు డబ్బా దాకా ఇద్దరం కలిసి వెళ్లాం. దారంతా అది నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది, కానీ రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకుంది.

రెండు నెలలకి రైలెక్కింది. చేరగానే ఫోన్ చెయ్యమని ఆరుసార్లు చెప్పాను. "ఏడోసారి చెప్పావంటే దిగిపోతా" అంది. చెప్పాను. దిగలేదు.

క్లాసులో రాసుకున్న కాగితాలు విడివిడిగా పంపిస్తాననీ, నేను కుట్టి తిరిగి పంపాలనీ వెళ్లేముందే మాట తీసుకుంది. మొదటి కట్ట నలభై రోజులకి వచ్చింది. పేజీల నంబర్లు పెద్ద అంకెల్లో వేసింది. ప్రతి కాగితం పై అంచున ఆ పట్నం పేరు ఎర్ర సిరాతో రాసింది, నడిమి కాగితం మీద రెండుసార్లు.