గోడ దాటిన గరగర

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆ ఇంట్లో ఒక ముచ్చట జరిగేది. మావగారు స్టూలెక్కి, తలుపు పైనున్న చిన్న డబ్బా స్విచ్చి వేసి, "ఊఁ, చూడండిక!" అనేవారు. అంతే, హాల్లో ఒక టీవీ, వంటగదిలో ఒకటి, పడగ్గదిలో ఒకటి, మూడింటిలోనూ బొమ్మ మిలమిలలాడేది. అత్తగారు గరిటె చేతిలో పట్టుకునే సీరియల్లో మునిగిపోయేవారు. చూసేవాళ్ళకు అంతకన్నా చల్లని సంసారం ఉంటుందా అనిపించేది. ఆ చల్లదనం గోడ అవతల ఎవరి కొంప ముంచుతోందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మావగారు మంచివారు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, పోనుపోను ఆయన మీద మీకు కోపం రావచ్చు. మిల్లులో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గానీ చేతి దురద వదల్లేదు. జేబులో ఎప్పుడూ నల్లటేపు చుట్ట ఉంటుంది కాబట్టి వీధి పిల్లలు ఆయనకు టేపు తాతయ్య అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే ఆయన మురిసిపోయేవారు. కేబుల్ కంపెనీ ఇంటికి ఒక్క తీగే ఇచ్చింది. ఈయన దాన్ని మధ్యలో కోసి, లోపలి రాగికి మామూలు కరెంటు వైరు మెలిపెట్టి, పైన టేపు చుట్టి గదిగదికీ లాగారు. బొమ్మ మసకబారితే బజారు నుంచి సిగ్నల్ పెంచే బూస్టరు తెచ్చి తగిలించారు. తలుపు పైనున్న డబ్బా అదే. కరెంటు దండగని సాయంత్రం వేసి, పడుకునే ముందు ఆపేసేవారు. అది చూసి ఎదురింటివాళ్ళు అడిగారు, వాళ్ళకూ చేశారు. పక్కింటివాళ్ళకూ చేశారు. పైసా పుచ్చుకోకుండా సగం వీధికి ఈ ఉపకారం చేసి పెట్టారు.

ఆ ఇంటి కోడలు అంబులెన్సుల కంట్రోల్ రూములో వైర్‌లెస్ ఆపరేటరు. ఆమెది సాయంత్రం షిఫ్టు. ఎక్కడో ఎవరో కుప్పకూలితే ఆ కబురు ఆమె చెవికి వస్తుంది, ఆమె నోటి నుంచి బండికి వెళుతుంది. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. ఆడపిల్ల గొంతు ఆ కంగారులో నిలబడదని నవ్వినవాళ్ళ ముందే పరీక్ష నెగ్గి కూర్చున్న కుర్చీ అది.

ఆ కుర్చీకే ఎసరు వచ్చింది. కొన్ని వారాలుగా పార్కు మూల మీద నిలబడే బండికి ఆమె మాట అందడం లేదు. ఆ మూల వాళ్ళ వీధి చివరే. "కంట్రోల్, మళ్ళీ చెప్పండి... గరగర తప్ప ఏమీ వినపడటం లేదు" అని డ్రైవరు అరిచేవాడు. ఒక సాయంత్రం గుండెనొప్పి వచ్చిన పెద్దాయన కోసం ఆ బండిని ఎంత పిలిచినా పలకలేదు. ఇక లాభం లేదని ఆమె ఊరి అవతలి నుంచి ఇంకో బండిని పంపింది. పెద్దాయన చావు తప్పి బయటపడ్డాడు. ఆయన కొడుకు ఆఫీసు మీదికి వచ్చి నానా రభసా చేశాడు.

సూపర్‌వైజరు ఆమెను పిలిచాడు.

"ఉదయం షిఫ్టులో ఈ గొడవ లేదు. రాత్రి షిఫ్టులోనూ లేదు. మీ షిఫ్టులోనే ఎందుకొస్తోందమ్మా?"

"గరగర వస్తోందని డ్రైవర్లే అంటున్నారు కదా సార్."

"బండిలో సెట్టు మార్చాం. ఇక్కడ మైకు మార్చాం. ఇంకా సెట్టుదే తప్పంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది. మీ గొంతే సన్నం, ఒప్పుకోండి. సోమవారం పెద్దాఫీసరు గారు వస్తున్నారు. అప్పటికీ ఇలాగే ఉంటే మిమ్మల్ని స్టోర్సుకి మార్చక తప్పదు."

అతను చెప్పిన లెక్కలో ఆమెకు తప్పు కనపడలేదు. తన షిఫ్టులోనే వస్తోంది కదా! ఇంటికి వచ్చి చెప్పుకుంటే అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. మావగారు మాత్రం ధైర్యం చెప్పారు.

"గట్టిగా మాట్లాడు అమ్మాయ్! మిల్లులో మగ్గాల చప్పుడు మించి మేం మాట్లాడలేదూ?"

అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది గానీ బండికి మాట అందలేదు.

ఆ ఆదివారం, కొన్ని వారాల తర్వాత మొదటిసారి, ఆమెకు సెలవు దొరికింది. చాలా రోజుల తర్వాత సాయంత్రం పూట ఇంట్లో ఉంది. అత్తగారి పక్కన కూర్చుని మాడిన వంకాయలా ముఖం పెట్టుకుని సీరియల్ చూస్తోంది. ఉన్నట్టుండి తెర మీది బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయింది.

"అదిగో, వచ్చింది మాయదారి బండి!" అన్నారు అత్తగారు.

"ఏ బండి అత్తయ్యా?"

"మీ అంబులెన్సే! ఆ మూల నిలబడి, వాడు మైకు నోటి దగ్గర పెట్టుకున్నప్పుడల్లా నా బొమ్మ ముక్కలైపోతుంది. రోజూ ఇదే గోల. నువ్వు ఈ వేళప్పుడు ఇంట్లో ఉండవు కాబట్టి నీకు తెలీదు."

కోడలు ఒక్క ఉదుటున లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. మూల మీద బండి ఉంది. డ్రైవరు మైకు ఎత్తాడు, వెనక టీవీలో బొమ్మ చెదిరింది. మైకు దించాడు, బొమ్మ కుదురుకుంది. అతని మాట మన తీగలోకి రాగలుగుతోందంటే మన తీగలోది అతని సెట్టులోకి పోకుండా ఉంటుందా? తెరిచిన తలుపులోంచి గాలి లోపలికే వస్తుందా, బయటికి పోదా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కొన్ని వారాలుగా తనను తిప్పలు పెడుతున్నది తన నెత్తి మీది టేపు చుట్టిన తీగే!

తెలిసింది సరే, చెప్పడమెలా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే మావగారి మనసు విరుగుతుంది, చెప్పకపోతే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే పోనీ, రేపు ఇంకో పెద్దాయనకు బండి అందకపోతే? ఆ ఆలోచన రాగానే ఆమె బెదురు తీరిపోయింది.

"మావయ్యగారూ, ఒక్కసారి నాతో మూల దాకా వస్తారా?"

ఎందుకని అడక్కుండా ఆయన చెప్పులు వేసుకున్నారు. డ్రైవరు ఆమెను చూసి తెల్లబోయాడు.

"ఇవాళ మీకు సెలవా మేడమ్? అయితే అక్కడున్నది వేరేవాళ్ళా? గరగర మాత్రం అలాగే ఉంది! మీ గొంతు సన్నమని పైవాళ్ళకు చెప్పినవాణ్ణి నేనే."

ఆమె మావగారిని సెట్టు దగ్గర చెవి పెట్టమంది. లోపల ఇసుక వేయిస్తున్నట్టు ఒకటే హోరు, ఆ హోరు అడుగున ఎవరిదో మగగొంతు మునిగిపోతోంది. ఆమె ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా, ఆ బూస్టరు స్విచ్చి ఒక్కసారి ఆపండి."

"సీరియల్ మధ్యలోనా! ఇప్పుడే ఆ దుర్మార్గుడి గుట్టు బయటపడబోతోందే!"

"నా ఉద్యోగం దాని మీదే ఉంది అత్తయ్యా."

పాపం, ఆవిడ ఆపేశారు. సెట్టులో హోరు సగానికి సగం పడిపోయింది. మునిగిపోయిన గొంతు తల పైకెత్తింది. మళ్ళీ వేయమంటే మళ్ళీ హోరు. మావగారు తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. "మబ్బు పట్టింది కదా, అందుకేమో," అన్నారు. ఇంకోసారి ఆపించారు. "కాకతాళీయం," అన్నారు. ఫోను తానే తీసుకుని మరోసారి ఆపించారు. హోరు మళ్ళీ తగ్గగానే బండి మెట్టు మీద కూలబడ్డారు.

"అమ్మాయ్, ఆ రోజు ఆ పెద్దాయనకు..."

"బతికారు మావయ్యగారూ. ఇంటికి కూడా వచ్చేశారు."

"బతక్కపోతే?"

ఆమె ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి ఆయనే లేచి, "మా ఇంట్లో ఆపితే సగమే తగ్గింది. మిగతా సగం నేను ఉపకారం చేసిన ఇళ్ళలో ఉంటుంది. పద, కేబుల్ కంపెనీకి ఫోను చెయ్యి," అన్నారు. వయసు మళ్ళిన మనిషి తన తప్పును అంత త్వరగా ఒప్పుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమెకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది.

సోమవారం పొద్దున్నే కంపెనీ మెకానిక్ సిగ్నల్ పసిగట్టే మీటరుతో వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో మీటరు కీచుకీచుమంది. "తాతగారూ, కేబులు చుట్టూ అల్లిన జాలీయే దానికి గోడ. దాన్ని కోసేసి ఉత్త వైరు కలిపితే లోపలిది బయటికి కారుతుంది. టేపు నీటిని ఆపుతుందేమో గానీ సిగ్నల్ని ఆపదు," అన్నాడు. మావగారు తన జాయింట్లను తన చేత్తోనే తెంపారు. బూస్టరు పీకి పక్కన పెట్టారు. మెకానిక్ సిసలైన కేబులు లాగి, బిగువైన కనెక్టర్లు వేసి, ఖాళీగా ఉన్న రంధ్రాలకు మూతలు బిగించాడు. మీటరు నోరు మూసుకుంది.

తర్వాత మావగారూ మెకానిక్కూ ఇల్లిల్లూ తిరిగారు. కోడలూ వెంట వెళ్ళింది. కొందరు తలుపు తీశారు. కొందరు గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు "మా ఇంట్లో అలాంటివేమీ లేవు" అని అడక్కముందే అన్నారు; ఏ గదికి తీగ లాగిందీ మావగారే వేలెత్తి చూపించి విప్పించారు. ఎదురింటి లాయరు మాత్రం అడ్డంగా నిలబడ్డాడు.

"నా ఇల్లు, నా టీవీ, నా ఇష్టం. మీకొచ్చిన నష్టమేమిటి?"

"నష్టం నాకు కాదు బాబూ," అన్నారు మావగారు. "మీ అమ్మగారు మెట్ల మీద పడిన రోజు బండి అందింది. అది పగలు, మన బూస్టర్లు ఆపి ఉన్న వేళ. ఆవిడ సాయంత్రం పడి ఉంటే బండికి కబురు చేరేది కాదు. పెట్టినవాణ్ణి నేనే, నన్నే తీయనివ్వు."

లోపలి నుంచి లాయరు వాళ్ళమ్మగారే, "తలుపు తియ్యరా!" అని కేకేశారు. అంత పెద్ద లాయరూ ఆ వాదనకు తిరుగు చెప్పలేక తప్పుకున్నాడు.

సాయంత్రం అయింది. పెద్దాఫీసరు, సూపర్‌వైజరు పార్కు మూల మీది బండిలో కూర్చున్నారు. వీధి వీధంతా చుట్టూ మూగింది. ఇక్కడ కంట్రోల్ రూములో కోడలు తన కుర్చీలో కూర్చుంది. అరవలేదు. ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది.

"పార్కు బండి, కంట్రోల్. వినపడుతోందా?"

ఒక్క క్షణం ఏమీ లేదు.

"వినపడుతోంది మేడమ్! పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది!" డ్రైవరు గొంతు వెనక చప్పట్ల మోత కూడా వినపడింది.

ఆ మోత ఆగకముందే ఫోను మోగింది. బడి వెనక టైలరు దుకాణంలో ఒకావిడ స్పృహ తప్పి పడిపోయింది. కోడలు చిరునామా ఒకే ఒక్కసారి చెప్పింది. బండి కదిలింది. ఆఫీసర్లు దిగే వ్యవధి కూడా లేక వాళ్ళూ బండితోపాటే వెళ్ళారు. ఆస్పత్రి నుంచి కబురు వచ్చేదాకా ఆమె కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. ఆవిడ కళ్ళు తెరిచిందట, మంచినీళ్ళు అడిగిందట. కంట్రోల్ రూములో అందరూ లేచి నిలబడ్డారు. ఆమె మాత్రం కూర్చునే ఏడ్చేసింది, సంతోషం పట్టలేక.

సూపర్‌వైజరు తిరిగి వచ్చి అందరి ఎదుటా అన్నాడు: "తప్పు నాదమ్మా. మనిషిని అనుమానించడం తేలిక కాబట్టి అదే చేశాను. ఈ కుర్చీ మీదే."

మర్నాడు పొద్దున పెద్దాఫీసరు స్వయంగా వీధికి వచ్చి మావగారి చేతులు పట్టుకున్నారు. ఇరుగుపొరుగువారు ఆయన్ను పొగడబోతే ఆయన వారించారు.

"నన్ను కాదు, మా కోడల్ని మెచ్చుకోండి. తప్పు నాదని తెలిసి కూడా నా పరువు తీయకుండా, నా చెవితోనే నాకు వినిపించింది. ఒక్క మాట చెబుతాను. నేను ఎవరికీ చెడు తలపెట్టలేదు. మా ఆవిడ సీరియల్ బాగా కనపడాలనుకున్నాను, అంతే. కానీ చెడు తలపెట్టకపోతే సరిపోదని ఈ వయసులో తెలిసింది. పొగ గానీ, మురుగు గానీ, చప్పుడు గానీ, కంటికి కనపడని ఈ సిగ్నల్ గానీ, మన ఇంట్లోంచి బయటికి పోయేది ఏదైనా ఎవరో ఒకరి బతుకులోకే పోతుంది. ఎవరో వచ్చి తలుపు కొట్టేదాకా ఆగకండి. దాన్ని ఆపాల్సింది మనమే, మన చేత్తోనే, ఇవాళే!"