వాస్తు ప్రకారం యక్షలోకం

“ఇన్నాళ్లూ నేను తూచింది ఆటలనా, లేక నన్ను పిలిచినవాళ్ల మర్యాదనా?” అని రాఘవేంద్ర తనను తానే అడిగాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే కొత్తపేట రెండు స్టేషన్లే. జవాబు దొరకక ముందే దిగవలసిన చోటు వచ్చింది.

ఆయన ఒక కోచింగ్ సెంటర్‌లో రీజనింగ్ చెబుతాడు. తీరిక దొరికితే తత్త్వశాస్త్రం చదువుతాడు. బల్ల మీద ఆడే ఆటలకు ఇంటర్నెట్‌లో సమీక్షలు రాస్తాడు. ఇప్పటికి నలభై ఒక్క ఆటలను పరీక్షించి, అన్నింటికీ పదికి ఏడున్నర ఇచ్చాడు. ఎనిమిదిస్తే ముఖస్తుతి అవుతుందేమోనని సంకోచం, ఏడు ఇస్తే ఎవరి మనసైనా నొచ్చుకుంటుందేమోనని భయం. మధ్యనున్న ఆ అర మార్కులో ఆయన అంతరాత్మ హాయిగా కాపురం చేస్తోంది. దానికి ఆయన పెట్టుకున్న పేరు సమదృష్టి.

ఈసారి పిలిచింది సుష్మిత, ఒకప్పటి శిష్యురాలు. రెండేళ్లు శ్రమించి ‘యక్షలోకం’ అనే కార్డుల ఆట తయారుచేసింది. అందులో డ్రాగన్లు, మాయానదులు, మాట్లాడే కొండలు. ప్రతి ఆటగాడూ తన ముందు మూడు వరసల్లో తొమ్మిది కార్డుల రాజ్యాన్ని పరచుకోవాలి. ఏ కార్డు పక్కన ఏది పడిందన్నదే ఆటలోని కిటుకంతా. అడవి పక్కన పెడితే డ్రాగన్ దాన్ని కాల్చేస్తుంది. నది పక్కన పెడితే మచ్చికై రెట్టింపు పాయింట్లు తెస్తుంది. ఆట రేపు ఉదయం అచ్చుకు పోతోంది. అచ్చు వేయిస్తున్నది తండ్రి కమలాకర్. ఎల్బీ నగర్‌లో ప్లాట్లు అమ్మే ఆఫీసు ఆయనది.

గుమ్మం దగ్గరే సుష్మిత గొంతు తగ్గించింది. “సార్, మా డాడీ నా మాట ఇంటలేడు. మీ మాటైతే ఇంటడు. నిజం చెప్పున్రి. డబ్బా మీద ఉండేది నా పేరు.”

“తప్పకుండా అమ్మా,” అన్నాడు రాఘవేంద్ర, మనసులో ఏడున్నరను సిద్ధం చేసుకుంటూ.

హాల్లో కమలాకర్, ఆయన తల్లి సత్తెమ్మ చాప మీద కూర్చుని ఉన్నారు.

“రాండ్రి సార్! రూల్సు జర మార్పిచ్చిన. మా వాస్తు పంతులుకు చూపిచ్చిన,” అన్నాడు కమలాకర్.

“కార్డులకు వాస్తా?”

“రాజ్యం కట్టుడైనా కట్టుడే కద సార్! వాస్తు లేకపోతే ఎవ్వలు కొంటరు?”

సుష్మితతో కలిపి నలుగురూ ఆటకు కూర్చున్నారు. రాఘవేంద్రకు ముందుగా డ్రాగన్ వచ్చింది. బాగా ఆలోచించి దాన్ని కుడి వైపున పెట్టబోయాడు.

“ఓ సారూ, ఆడ గాదు!” సత్తెమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. “అగ్గి కక్కేది ఆగ్నేయంల ఉండాలె. మీ ఇంట్ల పొయ్యి ఏ మూలకుంది?”

“కిరాయి ఇల్లమ్మా. ఎప్పుడూ చూసుకోలేదు.”

“గందుకే గిట్లున్నరు.”

నది ఈశాన్యానికి పోయింది. బరువు కాబట్టి కొండ నైరుతికి పోయింది. దిక్కులు అందరికీ ఒకటే కనుక, ఉత్తరాన కూర్చున్న రాఘవేంద్రకు తన రాజ్యం తలకిందులుగా కనిపించింది. నడిమి గడి ఖాళీగా ఉండాలని, అక్కడ ఉండవలసిన సింహాసనాన్ని పంతులు కట్టలోంచే తీయించేశాడట. డ్రాగన్ అడవిని కాల్చడం కూడా రద్దయింది.

“సొంత అడివికి అగ్గి వెట్టుకునుడేంది సార్, అపశకునం!” అన్నాడు కమలాకర్.

ఎవరికి ఏ కార్డు వచ్చినా దాని చోటు ముందే ఖాయమై ఉంది. ముప్పావుగంట గడిచేసరికి చాప మీద అచ్చుగుద్దినట్టు నాలుగు రాజ్యాలు నిలిచాయి. తలా ముప్పై ఆరు పాయింట్లు.

“సూసిన్రా సార్! నలుగురం గెలిచినం. ఒక్కలు ఓడలే. గిసొంటి ఆట ఏడన్న ఉన్నదా?”

“లేదు,” అన్నాడు రాఘవేంద్ర. సమీక్షకుడిగా ఆయన నోట వచ్చిన మొదటి కచ్చితమైన తీర్పు అది. కమలాకర్ దాన్ని పొగడ్తగా స్వీకరించాడు.

“ఇంకొక్కపారి ఆడుదమా అమ్మా?” అన్నాడు తల్లి వైపు తిరిగి.

“నాతోని కాదు బిడ్డా,” అంటూ సత్తెమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. “ఏం జరుగుతదో ఎరికైనంక ఏం ఆడుతం?”

కమలాకర్ ఒక తెల్లకాగితం తెచ్చాడు. “రెండు ముక్కలు రాయున్రి సార్. డబ్బా ఎనుక అచ్చేస్తం.”

అలవాటుపడిన చెయ్యి ఎవరినీ అడగకుండానే రాసింది: ‘ఆలోచింపజేసే ఆట. సామరస్యానికి పెద్దపీట.’ ఎదుట కూర్చున్న సుష్మిత ఆ అక్షరాలను తలకిందులుగానే చదివింది.

“మంచిగుంది సార్,” అంది.

ఆ మాటలో కోపం లేదు, మెచ్చుకోలూ లేదు. ఎవరికీ నొప్పి కలగకుండా, ఎవరికీ ఉపయోగపడకుండా ఉంది. ఇన్నేళ్లూ తాను ఇతరులకు ఇచ్చినది ఎలా ఉంటుందో రాఘవేంద్రకు మొదటిసారిగా తెలిసింది. పంతులు కార్డులకు చేసినదే తాను నలభై ఒక్క ఆటలకు చేశాడు: దేన్నీ చూడలేదు, అన్నింటినీ ఒకే మూలన సర్దాడు. సమదృష్టికి ముందు దృష్టి ఉండాలి కదా. తనది మొహమాటం, దానికి శాస్త్రం పేరు పెట్టుకున్నాడు, అంతే.

ఇక చాలు అనుకున్నాడు. రాసిన రెండు వాక్యాలనూ కొట్టేశాడు. కింద, ఎవరు ఏ వైపు నుంచి చూసినా కనిపించేంత పెద్ద అక్షరాలతో రాశాడు: ‘పదికి రెండు. ఆ రెండూ బొమ్మలకు. సుష్మిత రూల్సుతో ఆడి చూసేదాకా అచ్చు ఆపండి.’

సంతకం చేసి, కాగితాన్ని కమలాకర్ చేతిలో పెట్టాడు.