ఏ రామవ్వ?

పొద్దు వాలకముందే పెద్దపల్లి బడి వెనుక గుట్టవాలంతా జనంతో నిండిపోయింది. ఆడవాళ్ల మధ్య కొత్త చీరలో కూర్చున్న అనసూర్యకు ఒక్కచోట కుదురు లేదు. ఆమె మగడు లింగమూర్తి సారు రాసిన మొదటి నాటకం ఇవాళే.

కొత్తగా పెళ్లయినవాళ్లు ఏం మాట్లాడుకుంటారు? వీళ్లిద్దరూ మాత్రం గ్రీకు నాటకాల గురించి మాట్లాడుకున్నారు. ఎన్నడో రెండున్నర వేల ఏండ్ల కింద ఆ దేశంలో గుట్టను ఆనుకుని మెట్లు కట్టి, పట్టపగలే రాజుల కథలు ఆడేవారట. కథ నడుమ వంతగాళ్ల గుంపు ఊరి తరఫున పాడేదట. చావు మాత్రం కళ్లకు చూపరు, కబురు తెచ్చినవాడు చెబుతాడు, అంతే. ఈనాటి నాటకానికీ వేరు అక్కడే ఉందని లింగమూర్తి నమ్మకం.

"మనకు గుట్ట ఉన్నది, వంత ఉన్నది. రాజులెందుకు? రామవ్వ సాలు" అన్నాడు.

పొలానికి నీళ్లడిగి పటేలును ఎదిరించిన రామవ్వ కథ అట్లా పుట్టింది. హెడ్మాస్టరు మాత్రం ముందే చెప్పేశాడు. "జనం నడుమల లేచిపోయిండ్రో, వచ్చే ఏడు మల్ల కిరీటాల నాటకాలే. గీ కొత్త నాటకాలు బంద్!"

సగం కథ దాకా ఎవరూ కదల్లేదు. అప్పుడొచ్చాడు రాయమల్లు, గుట్ట పైనుంచి, జనం వెనుక నుంచి. అతను ఊరి సుంకరి. ఊరూరికీ నిజం చావుకబుర్లు మోసేవాడు. కబురు తెచ్చేవాడి వేషం అతనికిస్తే సహజంగా ఉంటుందని లింగమూర్తి అనుకున్నాడు. మరీ సహజమైపోయింది.

"రామవ్వ బాయిల వడ్డదో!"

రామవ్వ లేని ఇల్లుందా ఆ ఊళ్లో? జనం దిగ్గున లేచారు.

"ఏ రామవ్వరా? మా సిన్నమ్మనా?"

"మా అవ్వ ఇంటికాడనే ఉండె గదరా!"

"నేన్ గీడనే ఉన్న! నన్నెందుకు సంపుతున్నవ్ రా రాయమల్లూ?" అని ఒక ముసలి రామవ్వ అరిచింది.

ముందువరుస అప్పుడే చెప్పులు వెతుక్కుంటోంది. కింద వంతవాళ్లు నోళ్లు తెరిచి నిలబడ్డారు. తెర పక్కన లింగమూర్తి తల పట్టుకున్నాడు. కొత్త కోడలు నలుగురిలో గొంతెత్తకూడదు. అయినా అనసూర్య లేచింది.

"నీళ్లడిగిన రామవ్వ! పటేలుకు ఎదురువడ్డ రామవ్వ!"

పక్కింటి బుచ్చవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "అయ్యో కోడలా, గా పిల్లనా? గిప్పుడే గదనే గీడ నిలవడి మాట్లాడింది!"

"గా పిల్లనే అత్తా."

బుచ్చవ్వ కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని శోకం అందుకుంది.

"నీళ్లకు వోయి నీళ్లల్లనే మునిగితివా నా బిడ్డా..."

ఆ వరుసంతా అందుకుంది. లేచినవాళ్లు లేచినచోటే కూర్చున్నారు. ఆడవాళ్లు ఊపిరి తీసుకున్న చోటల్లా కింది వంతవాళ్లు తమ పాట అందించారు. రాయమల్లు కర్ర మీద ఆనుకుని, ఆమె ఎట్లా పోయిందో చెప్పుకుంటూ తానూ ఏడ్చాడు. ఏది నాటకమో ఏది ఊరో అనసూర్యకే తెలియలేదు. ఏడుస్తూనే ఆనందంతో ఎగిరి గంతెయ్యాలనిపించింది.

చివరి పాట అయ్యేదాకా ఒక్కరూ కదల్లేదు.

హెడ్మాస్టరు కండువాతో ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు. "లింగమూర్తీ, గా పటేలు వేషమేసినోన్ని రెండు పొద్దులు బజారుకు రావద్దను. తంతరు" అన్నాడు. ఆగి, "వచ్చే ఏటికి ఏం రాస్తున్నవ్?" అని అడిగాడు.

లింగమూర్తి నోరు తెరిచేలోపలే అనసూర్య అనేసింది.

"రాస్తున్నం సార్, ఇద్దరం!"