బుడగ రాకూడదు

గాలి తాత సైకిలు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, కొద్దికొద్దిగా తిప్పుతూ బుడగల కోసం చూస్తున్నాడు. పెళ్లి కాకముందు నుంచీ ఈ పంక్చర్ల కొట్టే ఆయన లోకం. ఆయన అతుకు వేసిన ట్యూబులోంచి మళ్లీ గాలి పోయిందని ఇంతవరకు ఎవరూ అనలేదు, అనిపించుకోడు కూడా. కుడి బొటనవేలు కాయ కాసి ఉంటుంది. టైరును ఆ వేలితో నొక్కి గాలి ఎంతుందో చెప్పేస్తాడు. మీటరు కొనమంటే, "వేలుందిగా, దానికి రిపేరు రాదు" అంటాడు.

మనవరాలు, పక్కింటి పిల్లలిద్దరూ వచ్చి కొట్టు ముందు నిలబడ్డారు. చేతిలో ప్లాస్టిక్ సీసా, దానికి అట్టముక్కల రెక్కలు. అందులో కొంచెం నీళ్లు పోసి, బిరడా పెట్టి తలకిందులుగా నిలబెట్టి, బిరడాలో గుచ్చిన సూది గుండా పంపుతో గాలి కొడితే రాకెట్టులా లేస్తుంది. రాకెట్టు సిద్ధమే. ఎగరేసే చోటే దొరకడం లేదు.

"డాబా మీద వద్దన్నారు తాతా."

"వీధిలోనో?"

"అన్నీ వైర్లే."

"పార్కుంది కదే?"

"అక్కడ తుమ్మాలన్నా బోర్డు చదువుకోవాలి!"

తాతకు నవ్వొచ్చింది. మధ్యాహ్నం కొట్టు మూసి, పంపు భుజాన వేసుకుని, కాలికి బలపం కట్టుకున్నట్టు పిల్లలతో తిరిగాడు. బడి మైదానానికి తాళం. గోదాము వెనక చోటు బాగుంది గానీ పక్కనంతా అద్దాల కిటికీలు. ఆయనకు ఒకటే భయం. ఎవరి నెత్తిన పడినా, ఎవరి అద్దం పగిలినా ఈ పిల్లలను మళ్లీ రాకెట్టు ముట్టనివ్వరు. చివరికి మూతపడిన ఇటుకబట్టీ దగ్గర బోడి నేల దొరికింది. పైన తీగ లేదు, చుట్టుపక్కల మనిషి లేడు. తాత మడమతో గీత గీసి పిల్లలను దాని వెనక నిలబెట్టాడు.

"గీత దాటారంటే చెవులు మెలేస్తా!"

పంపు కొట్టగానే బిరడా సందులోంచి గాలి బుస్సుమంది. తాతకు తల కొట్టేసినట్టయింది. "నా చేతిలో గాలి పోవడమా!" అని బిరడాకు ట్యూబు రబ్బరు చుట్టి, సీసా మూతిలోకి బలంగా దిగ్గొట్టాడు. ఇక బుడగ కూడా రాలేదు. కొంపముంచింది అదే. బిరడా తనంతట తాను ఊడితేనే కదా సీసా లేచేది! ఆయన కొడుతూనే ఉన్నాడు, సీసా కదల్లేదు. గాలి చాల్లేదేమోనని అలవాటు ప్రకారం వంగి సీసాను బొటనవేలితో నొక్కాడు.

టప్పుమంది. సీసా ఆయన కణతకు కొట్టుకుని, నీళ్లు చిమ్ముకుంటూ పైకి దూసుకుపోయింది.

మనవరాలు గీత దాటి పరుగెత్తింది. తాత చతికిలబడి తల తడుముకున్నాడు. నెత్తురు లేదు. "ఏం కాలేదే పిచ్చిమొహమా! ఎంత ఎత్తు పోయిందో చూశావా?" అన్నాడు. పిల్లలు గుండెలు కుదుటపడి గంతులేశారు.

ఇంటికొచ్చి, పంపు మూల పెట్టి, అరుగు మీద కూర్చుని చాలాసేపు ఏదో చెక్కాడు. తర్వాత తల బరువుగా ఉందన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామంది భార్య.

"సీసా దెబ్బకి డాక్టరేంటే, నలుగురూ నవ్వుతారు. కాసేపు పడుకుంటా."

దీపాలు పెట్టే వేళ ఆమె అన్నానికి లేపింది. లేవలేదు. భుజం పట్టి కుదిపింది. చెయ్యి చల్లగా తగిలింది.

తలలోపల నెత్తురు కారి ఉంటుందని వచ్చి చూసిన డాక్టరు చెప్పినా ఎవరి తలకూ ఎక్కలేదు. పక్కింటాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఇందాక నాతో నవ్వుతూ మాట్లాడాడండీ," అని వచ్చినవాళ్లందరికీ అదే చెబుతున్నాడు. భార్యకు ఏడుపు కూడా రాలేదు. సీసా దెబ్బకు మనిషి పోతాడా? ఎక్కడైనా ఉందా ఇది? మనవరాలు మంచం పట్టె పట్టుకుని, "ఏం కాలేదన్నాడు... తాతే అన్నాడు, ఏం కాలేదని," అంటూనే ఉంది.

తాత చొక్కా విప్పుతుంటే జేబులోంచి ఏదో జారి ఆ పిల్ల కాళ్ల దగ్గర పడింది. కొత్త రబ్బరు బిరడా, కాస్త గాలి పోయి తనంతట తానే ఊడేలా అంచు చుట్టూ బ్లేడుతో సన్నగా చెక్కి ఉంది.