జవాబు ఆవిడే చెప్పాలి

ఉదయం నుంచి వార్డులో మంచాల మధ్య తిరిగి తిరిగి నర్సుకు కాళ్లు పీకుతున్నాయి. గోరుచుట్టు మీద రోకటి పోటులా మధ్యాహ్నం పరీక్ష ఒకటి. వ్యాయామం గురించి రోగులతో ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణ నిన్నటితో అయిపోయింది. ఇవాళ పెద్ద డాక్టరు ఎదుట ఒక రోగికి నచ్చజెప్పి చూపాలి. నెగ్గితే ఉద్యోగం ఖాయమవుతుంది, లేకపోతే మళ్లీ ఏడాదిపాటు తాత్కాలికమే.

రోగి ఒక దర్జీ భార్య. ఈమధ్యే గుండెపోటు వచ్చి బతికి బయటపడింది. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా కుట్టుమిషను దగ్గరే. నడవకపోతే మళ్లీ ప్రాణం మీదికొస్తుందని డాక్టర్లు చెప్పి పంపారు. చెప్పి ఏం లాభం? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వొద్దూ!

నర్సు ఏది అడిగినా పక్కనున్న దర్జీయే అందుకున్నాడు. నడుస్తోందా అంటే రోజూ నడుస్తోందన్నాడు. ఎక్కడంటే ఇంట్లోనే అన్నాడు. ఆవిడ నేలచూపులు చూస్తూ కూర్చుంది. కాస్త బయట నడిస్తే మంచిదని నర్సు నెమ్మదిగా అంది.

“పనీపాటా లేనట్టు ఆడది వీధుల్లో తిరిగితే నలుగురూ ఏమనుకుంటారమ్మా? ఒప్పుకున్న బట్టలు ఎవరు కుడతారు?” అన్నాడు దర్జీ. అంతలోనే డాక్టరు మొహం చూసి, “సరే, నడిపిస్తాలెండి,” అని సర్దుకున్నాడు.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. రోగి ఒప్పుకుంది, బాగా చేశావు, తర్వాతివాళ్లను పిలువు అన్నాడు. నర్సుకు ప్రాణం లేచొచ్చింది. నోరు మూసుకుని తలూపితే సరిపోయేది. కానీ ఏం చేస్తానన్నది రోగి తన నోటితోనే చెప్పాలని శిక్షణలో ఇన్నాళ్లూ చెవినిల్లు కట్టుకుని పోరినవాడు ఈ డాక్టరే. ఈవిడ వచ్చిన దగ్గర్నుంచి పెదవి విప్పలేదు. ఇలాగే పంపేస్తే మళ్లీ స్ట్రెచరు మీదే వస్తుందని నర్సుకు భయం వేసింది. ఉద్యోగం ఖాయం కాదేమోనన్న భయం కంటే అది కాస్త పెద్దది.

“ఒప్పుకున్నది ఆయనండీ, ఆవిడింకా ఏమీ అనలేదు,” అంది. దర్జీ వైపు తిరిగి, “మీరు కాసేపు బయట కూర్చోండి అన్నయ్యా. నేను ఆవిణ్ణి అడగాలి,” అంది.

డాక్టరు మొహం గంటు పెట్టుకున్నాడు. దర్జీ దిగ్గున లేచాడు. మా ఇంటి సంగతులు మీకెందుకని గొణుగుతూ భార్య భుజం తట్టాడు.

“చాల్లే, పద.”

ఆవిడ లేవబోయింది. అలవాటు అలాంటిది మరి. సగం లేచి, నర్సు మొహంలోకి చూసి, మళ్లీ కూర్చుంది.

“నేను రాను,” అంది మెల్లగా. “ఆ అమ్మాయి నన్నడిగింది కదా. చెప్పి వస్తాను. మీరెళ్లి కూర్చోండి.”

దర్జీ కదల్లేదు. ఆవిడ ఆయన వంక చూడకుండా కుర్చీని నర్సు వైపు జరుపుకుంది.