తనిఖీ జవాబులు

ఇటుక ఒక పట్టాన పొడి కాదు. పొద్దున్న తొమ్మిదింటికి మొదలుపెట్టిన పని పదకొండయినా తెమలలేదు. బడి వెనక వరండాలో గోనెపట్టా పరుచుకుని మట్టి టీచరు ఇటుక ముక్కలు దంచుతూనే ఉంది. అరచేతిలో లేచిన బొబ్బ చితికి, చెమట తగిలినప్పుడల్లా చుర్రుమంటోంది. రేపు బడి చూడటానికి పైనుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు పిల్లలు ఇటుకపొడితో ఎరుపు రంగు చేసి చూపించాలి. తీరా వాళ్ళు వచ్చాక పొడి చాలకపోతే ఎంత నామర్దా!

మట్టి టీచరన్నది పిల్లలు పెట్టిన పేరు. డ్రాయింగు నేర్పడానికి కాంట్రాక్టు మీద వచ్చి మూడేళ్ళయింది. నెలకి తొమ్మిది వేలు, సెలవుల్లో అదీ లేదు. చేరిన రోజున రంగులేవని అడిగితే బీరువా తెరిచి చూపించారు. ఎండి గట్టిపడిన రంగుగొట్టాలు పదకొండు, వెంట్రుకలన్నీ రాలి బోడిదైపోయిన కుంచె ఒకటి. క్లాసులో పిల్లలు నలభై ముగ్గురు. ఇంకొకరైతే నాలుగు పాటలు పాడించి పీరియడు దొర్లించేసేవారు. ఈమె అలా ఊరుకునే రకం కాదు. దొడ్లోకి దిగి వెతికింది. ఇటుకలో ఎరుపు, బొగ్గులో నలుపు, పెచ్చులూడిన గోడ సున్నంలో తెలుపు, ఆకుపసరులో పచ్చ దొరికాయి. పొడి జల్లించి, నీళ్ళలో తేర్చి, చెట్టు జిగురు కలిపితే కాగితానికి అంటుకునే రంగవుతుందని తేల్చుకోవడానికి ఏడాది పట్టింది. కుంచెలకి బదులు చివర నమిలిన పుల్లలు. కాగితాలకి బదులు పాత పరీక్ష పేపర్ల వెనకవైపు. అందుకని పిల్లలు గీసిన ఏనుగు పొట్టలోంచి ‘ఖాళీలను పూరింపుము’ అని కనపడుతూ ఉండేది.

ఆ రంగులే ఇప్పుడు ఆమె ఆశ. ఏడాది కిందట ఒక సంస్థ నుంచి ప్రకటన వచ్చింది. ఖర్చు లేకుండా బొమ్మలు నేర్పే పద్ధతి కనిపెట్టిన టీచరుని ఎంపిక చేస్తారట. ఆ బడికి రెండు పెట్టెల డ్రాయింగు సామాను, ఆ టీచరుకి చిత్రకారుల దగ్గర పది రోజుల శిక్షణ. శిక్షణయ్యాక బళ్ళన్నీ తిరిగి టీచర్లకి నేర్పే ఉద్యోగం. పర్మనెంటు! నెలకి నలభై వేలు! భర్తకి ప్రెస్సులో పని పోయి అప్పటికే ఆర్నెల్లయిన ఇల్లాలికి ఆ మాట వింటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ఆ ప్రకటన తెచ్చి చూపించింది పెద్ద టీచరు. అంటే హెడ్‌మిస్ట్రెస్. ఈ కాంట్రాక్టు ఇప్పించింది ఆవిడే. ఈమె పిల్లకి జ్వరమొచ్చి వారం రోజులు బడికి రాలేకపోతే జీతం కోత పడకుండా చూసింది ఆవిడే. మధ్యాహ్నం తన క్యారేజీలో సగం తీసి ఈమె మూతలో పెట్టేది. మట్టి టీచరు ఆవిణ్ణి అక్కా అని పిలిచేది, మనసారా పిలిచేది. “నువ్వు చేసేదంతా పూసగుచ్చినట్టు రాసివ్వవే అమ్మాయ్, దరఖాస్తు సంగతి నే చూసుకుంటా” అంటే, నలభై రోజులు కూర్చుని నోట్సు పుస్తకం నిండా రాసి, బొమ్మలు గీసి ఆవిడ చేతిలో పెట్టింది. పోయిన నెల పెద్ద టీచరు ప్రార్థనలో అందరి ముందూ చెప్పింది, “మన బడి ఎంపికైంది!” అని. మట్టి టీచరుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ‘మన బడి’ అంటే తానే అనుకుంది, పిచ్చి తల్లి.

“టీచరమ్మా, నీ సరుకొచ్చింది!” అంటూ ఆయా రెండు అట్టపెట్టెలు ఈడ్చుకొచ్చి వరండాలో పడేసింది. “గేటు దగ్గర్నుంచి మోశాను. నా నడుం దారిలో ఎక్కడో పడిపోయింది, కనిపిస్తే ఏరిపెట్టు. ఇవన్నీ లెక్క చూసి మళ్ళీ సర్దెయ్యమంది పెద్దావిడ. రేపు వాళ్ళ ముందే తెరిచినట్టు తెరవాలంట.”

మట్టి టీచరు చేతులు కడుక్కుని, చీరకొంగుకి శుభ్రంగా తుడుచుకుని పెట్టె విప్పింది. అబ్బ, కుంచెలు! సన్నవి, లావువి, బల్లపరుపువి. ఒకటి తీసి చెంప మీద రాసుకుంది. మెత్తగా చక్కిలిగిలి పెట్టింది. రంగుబిళ్ళలు, దళసరి కాగితాలు, మట్టిబొమ్మలు చేసే పనిముట్లు. “ఒసే ఆయా, చూడవే! పిల్లలు వెర్రెత్తిపోతారే!” అని నవ్వింది. చాలారోజులైంది ఆమె అలా నవ్వి.

అన్నిటికంటే అడుగున పుస్తకాలున్నాయి. బళ్ళన్నిటికీ పంచడానికి సంస్థ అచ్చు వేయించిన టీచర్ల చేతిపుస్తకం. అట్ట మీద సత్తు గిన్నెలు, వాటిలో నాలుగు రంగులు. ఆ గిన్నెలు ఆమె ఇంట్లోవి. ఒక గిన్నె పట్టుకున్న చెయ్యి ఆమెది. గిన్నెల కింద పెద్ద టీచరు ఫొటో, దాని కింద పెద్ద టీచరు పేరు, పేరు పక్కన ‘పద్ధతి రూపకర్త’ అని.

పొరపాటేమోనని లోపల తిరగేసింది. ఒక్కొక్క పేజీ తను రాసిందే. ‘పుల్లని ఎడమ దవడతో నమలండి, కుడిదవడ పాడైతే భోజనానికి పనికిరాదు’ అని పిల్లల్ని నవ్వించడానికి రాసిన మాట కూడా ఉంది. ఎరుపు రంగు దగ్గర ‘జిగురు రెండు చెంచాలు’ అని ఉంది. రెండైతే ఆరాక రంగు పెచ్చులు లేస్తుంది, ఒకటి చాలు. ఆ సంగతి ఆమెకి నోట్సు ఇచ్చేశాక తెలిసింది. ఆమె చేసిన తప్పు కూడా పెద్ద టీచరు పేరుతోనే అచ్చయింది.

“నీ పేరెక్కడుంది టీచరమ్మా? నాకు చూపించు, అక్షరాలు రాకపోయినా ముద్దు పెట్టుకుంటా” అంది ఆయా.

చివరి పేజీలో కృతజ్ఞతలున్నాయి. కాగితం మిల్లు యజమానికి, ముద్రాపకులకి, పాఠశాల సిబ్బందికి.

“సిబ్బంది అని ఉంది” అంది మట్టి టీచరు.

“సిబ్బందంటే నేను కూడానా?”

“నువ్వు కూడా.”

“ఓసి దీని దుంపతెగ! అయితే దీంట్లో నీకెంతో నాకూ అంతేనన్నమాట. నేనేం చేశాననీ? ఊడ్చాను!” ఆయా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

పెద్ద టీచరు ఆఫీసుగదిలో రేపటి కార్యక్రమం రాసుకుంటోంది. “రావే అమ్మాయ్, మొహం అలా కందిపోయిందేం? ఎండలో కూర్చున్నావా?”

“పుస్తకం చూశానక్కా.”

“చూశావా? బాగొచ్చింది కదూ! నీ గిన్నెల ఫొటో నేనే పట్టుబట్టి వేయించాను.”

“నా పేరు లేదక్కా.”

పెద్ద టీచరు కలం మూతపెట్టి, కళ్ళజోడు తీసి, నిట్టూర్చింది. “చెబుదామనే అనుకుంటున్నా, ఈ హడావిడిలో పడి కుదర్లేదు. ఆ దరఖాస్తులో ఉద్యోగి నంబరు అడుగుతారే. కాంట్రాక్టు వాళ్ళకి నంబరెక్కడుంది? నీ పేరు పెడితే చెత్తబుట్టలో పారేసేవాళ్ళు. నీకూ రాదు, నాకూ రాదు, పిల్లలకీ రాదు. కుంచెలైనా వస్తాయి కదాని నా పేరు పెట్టాను. నాకేమన్నా సరదానా?”

“మరి శిక్షణకి...”

“ఎవరి పేరుంటే వాళ్ళే వెళ్ళాలి కదా. వెళ్ళొచ్చి అంతా నీకు చెప్తాను.”

“ఉద్యోగం కూడానా అక్కా?”

పెద్ద టీచరు కిటికీ వైపు చూసింది. “నాకింకా రెండేళ్ళ సర్వీసే ఉంది. ఆఖరి జీతం మీదే పింఛను కడతారు, ఆ ఉద్యోగంతో అది కాస్త పెరుగుతుంది. నువ్వు చిన్నదానివి, నీకు బోలెడు అవకాశాలొస్తాయి. నెలాఖరుకి నీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదకే వస్తుందిగా, పొడిగించమని రాసే పూచీ నాది. నిన్ను రోడ్డు మీద వదిలేస్తానా?”

ఆ మాట ఎంత మెత్తగా అందంటే, అది బెదిరింపని మట్టి టీచరుకి ఒక నిమిషం దాకా తట్టలేదు. నంబరు లేని మాట నిజమే కదా! పోనీలే, పిల్లలకి కుంచెలొచ్చాయి అని మనసుకి నచ్చజెప్పుకుని వెళ్ళబోయింది.

“అమ్మాయ్, ఇంకో మాట. ఆఖరి పీరియడులో పిల్లల చేత జవాబులు చెప్పించు. రంగులు ఎవరు నేర్పారని అడుగుతారు కదా, పెద్ద టీచరుగారని చెప్పాలి. వాళ్ళు నీ మాటైతేనే వింటారు.”

తనిఖీ జవాబులన్నది ఆ బళ్ళో పాతుకుపోయిన పద్ధతి. పైవాళ్ళు వచ్చే ముందురోజు ఆఖరి పీరియడులో పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ళేం అడుగుతారో, వీళ్ళేం చెప్పాలో వల్లె వేయిస్తారు. పాలు రోజూ ఇస్తున్నారా? రోజూ ఇస్తున్నారండీ! రంగుపెట్టెలు ఇస్తున్నారా? ఏటా ఇస్తున్నారండీ! మూడేళ్ళుగా ఆ వల్లె వేయించే పని మట్టి టీచరుదే. గొంతు బాగుంటుంది, పిల్లలు ప్రాణం పెడతారు. అక్క చెప్పింది కదా, ఎవరికేం నష్టంలే అనుకునేది. కాదనడానికి వీల్లేదు, బాగానే చేసేది కూడా. ‘గట్టిగా, ఒక్క గొంతులా’ అని తాళం వేసి మరీ చెప్పించేది.

మళ్ళీ వరండాకి వచ్చి సామాను సర్దుతుంటే రెండో పెట్టెలో ఒక ఫైలు తగిలింది. సంస్థవాళ్ళు బడి దగ్గర ఉంచుకోమని తిప్పి పంపిన దరఖాస్తు నకలు. మొదటి పేజీలో నిబంధనలు. నాలుగోది ఇలా ఉంది: ‘పర్మనెంటు ఉపాధ్యాయులైనా, కాంట్రాక్టు ఉపాధ్యాయులైనా అర్హులే. నంబరు లేనివారు ఆ గడి వదిలేయవచ్చు.’ దాన్ని రెండుసార్లు చదివింది. పేజీ తిప్పింది. ‘ఈ పద్ధతి తయారీలో మరెవరి పాత్రైనా ఉన్నదా? ఉంటే వారి పేరు రాయండి’ అన్న ప్రశ్న ఎదురుగా, పెద్ద టీచరు గుండ్రటి దస్తూరీలో ఒకే ఒక్క మాట ఉంది. ‘లేరు.’

అరికాలి మంట నెత్తికెక్కింది. పేరు పెట్టకపోవడం వేరు. ఆ నలభై రోజులూ అక్క పక్కనే కూర్చుని, “ఈ మాట ఇంకాస్త వివరంగా రాయవే” అని చెబుతూ, క్యారేజీలో సగం పెడుతూ, ఆ చేత్తోనే లేరని రాసింది. ఆ తిన్న ముద్దలన్నీ గుర్తొచ్చాయి మట్టి టీచరుకి. గోడకి జారగిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయా వచ్చి చెంబుతో నీళ్ళు పెట్టి వెళ్ళింది.

ఆఖరి గంట కొట్టారు. క్లాసుకి వెళ్ళక తప్పదు. వెళ్ళి ఏం చేయాలో ఆమెకే తెలియదు. నెలాఖరు కాగితం కళ్ళముందు ఆడుతోంది. ఇంట్లో తొమ్మిది వేల మీద నాలుగు నోళ్ళు. చెప్పించేద్దాం, ఈ ఒక్కసారికీ చెప్పించేసి ఊరుకుందాం అనుకుంటూనే గుమ్మం దాటింది. ఫైలు మాత్రం చంకలో ఉంది. తీసి పెట్టెలో పెట్టడానికి చెయ్యి రాలేదు.

అలవాటుగా డస్టరుతో బల్ల మీద రెండుసార్లు కొట్టింది. నలభై ముగ్గురూ చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా కూర్చున్నారు.

“రేపు వచ్చేవాళ్ళు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు” అంది. “ఈ రంగులు చేయడం మీకెవరు నేర్పారు అని...”

“పెద్ద టీచరుగారండీ!”

గట్టిగా, ఒక్క గొంతులా అన్నారు. కిటికీ మీద పిచ్చుక ఎగిరిపోయింది. మట్టి టీచరు బిత్తరపోయింది. జవాబు తనింకా చెప్పనే లేదు.

“ఎవరు చెప్పమన్నారర్రా మీకు? పెద్ద టీచరు వచ్చారా?”

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. చిట్టెలుక అని అందరూ పిలిచే క్లాసు లీడరు పిల్ల లేచి నిలబడింది. వేళ్ళకి ఇంకా ఆకుపసరు అంటుకునే ఉంది.

“ఎవరూ రాలేదు టీచర్.”

“మరి?”

“తనిఖీ అంటే అంతే కదా టీచర్. నిజంగా ఏం జరిగిందో అది చెప్పకూడదు. పైవాళ్ళకి నచ్చేది చెప్పాలి. మీరే కదా మాకు నేర్పారు!” మెచ్చుకుంటారని చూస్తూ నిలబడింది.

తన చేత్తో తనే చెంప పగలగొట్టుకున్నట్టయింది మట్టి టీచరుకి. మూడేళ్ళలో ఈ పిల్లలకి రంగులు ఎంత బాగా నేర్పిందో ఇదీ అంత బాగా నేర్పింది. పెద్ద టీచరు దగా ఒక్క దరఖాస్తుతోనే మొదలైందా? వల్లె వేయించిన ప్రతి ఆఖరి పీరియడులోనూ తను దానికి చేయందించలేదూ?

“వినపడింది, ఆఫీసుదాకా వినపడింది!” గుమ్మంలో పెద్ద టీచరు. మొహం వెలిగిపోతోంది. “శెభాష్ అమ్మాయ్, అందుకే నీకప్పజెప్పాను. ఏదీ, నా ముందు ఇంకొక్కసారి చెప్పించు.”

మట్టి టీచరు డస్టరు ఎత్తింది. పిల్లలు ఊపిరి పీల్చుకుని సిద్ధమయ్యారు. బొబ్బ చితికిన చోట డస్టరు పిడి గుచ్చుకుంటోంది. ఎత్తిన డస్టరుని మెల్లగా తెచ్చి పెద్ద టీచరు చేతిలో పెట్టింది. దానితోపాటు ఫైలు కూడా, ‘లేరు’ అన్న పేజీ పైకి మడిచి.

“నేను చెప్పించను మేడమ్” అంది.

మూడేళ్ళలో ఆ నోటి వెంట మేడమ్ అన్న మాట రావడం అదే మొదలు. పెద్ద టీచరు నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు కాగితం మీదికి దిగాయి. “నెలాఖరు దగ్గర పడిందే అమ్మాయ్” అంది, పిల్లలకి వినపడకుండా.

“తెలుసండి.”

మట్టి టీచరు పిల్లల వైపు తిరిగింది. చిట్టెలుక ఇంకా నిలబడే ఉంది. వెనక్కి కట్టుకున్న చేతులు విప్పాలో వద్దో తెలియక, ఒకసారి ఈమె మొహమూ ఒకసారి ఆవిడ మొహమూ చూస్తోంది.

“టీచర్,” అంది చివరికి, “మరి రేపు ఏ జవాబు చెప్పాలి?”