అమ్మకు ఈత వచ్చిన వేసవి

మా అమ్మకు ఈత నేర్పింది నేనే. అప్పటికి నాకు పదకొండేళ్లు.

మా ఇల్లు ఏటి ఒడ్డున, రేవుకు కాస్త పైన ఉండేది. కిటికీ తెరిస్తే తడి ఇసుక వాసనా, డీజిలు వాసనా కలిసి వచ్చేవి. నాన్న లాంచీ నడిపేవారు. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా జనాన్ని, సైకిళ్లను, కోళ్ల గంపలను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించేవారు. ఆ ఊరి పిల్లలం నడకతో పాటే ఈత నేర్చుకున్నాం. ఎవరు నేర్పారో కూడా గుర్తులేదు.

అమ్మ మాత్రం నీళ్లు ట్యాంకర్లలో వచ్చే ఊరి నుంచి కోడలిగా వచ్చింది. ఏటిని చూస్తేనే ఆమెకు పై ప్రాణాలు పైనే పోయేవి. లాంచీ ఎక్కితే ఇంజను పక్కన ముడుచుకుని కూర్చుని, అవతలి ఒడ్డు వచ్చేదాకా కళ్లు తెరిచేది కాదు.

"లాంచీ డ్రైవరు పెళ్లానికి చూపు లేదటగా అని అడుగుతున్నారే జనం" అంటూ నాన్న ఏడిపించేవారు. అమ్మ మూతి ముడుచుకునేది.

ఆ వేసవిలో మా తమ్ముడు రేవు మెట్ల మీద నుంచి జారి నీళ్లలో పడ్డాడు. వాడికింకా మాటలు కూడా సరిగ్గా రావు. అమ్మ చేతిలో బట్టలు పట్టుకుని కేకలు పెడుతూ ఉన్నచోటే కొయ్యబారిపోయింది. పక్కన వల ఆరేసుకుంటున్న చేపల తాత దూకి వాణ్ణి పైకి తీశాడు. వాడు కాసేపు దగ్గి, ఏడ్చి, మామూలుగానే ఆడుకున్నాడు. అమ్మే ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఒసే, నాకు ఈత నేర్పుతావా?"

"నీకా?"

"నాకే. మీ నాన్నకి చెప్పావో, వీపు విమానం మోతే!"

తమ్ముణ్ణి పక్కింటి పిన్ని దగ్గర వదిలి, మధ్యాహ్నాలు కలప అడితి వెనక్కి వెళ్లేవాళ్లం. అక్కడ నీళ్లు నడుం లోతే. అమ్మ పాత నైటీ గాలి నింపుకుని బుట్టలా పైకి తేలేది, అమ్మ మాత్రం మునిగేది. నా మెడ పట్టుకుని వదిలేది కాదు.

"కాళ్లు ఆడించమ్మా!"

"ఆడిస్తున్నానే!"

"ఆడించడం కాదు, నన్ను తన్నుతున్నావు!"

ఎక్కాలు అప్పజెప్పించేటప్పుడు ఆమె నన్ను తిట్టే తిట్లన్నీ ఆమెకే అప్పజెప్పాను. "బుర్ర ఎక్కడ పెట్టావు?" అన్నప్పుడు మాత్రం నీళ్లలోంచే ఒకటి అంటించింది.

ఒక రోజు ఆమె పొట్ట కింద నా అరచేతికి బరువు తగలలేదు. నెమ్మదిగా చెయ్యి తీసేశాను. అమ్మ ఈదుకుంటూ వెళ్లిపోయింది.

ఎండలు ముదిరి ఏట్లో నీళ్లు తగ్గాయి. ఇసుక మేట తగలకుండా లాంచీని అడితి వైపు నుంచి తిప్పుకురావలసి వచ్చింది. ఆ సంగతి మాకు తెలియదు. అమ్మ ఒడ్డుకు దూరంగా ఈదుతుండగా పెద్దగా హారన్ మోగింది. లాంచీలో జనమంతా ఒక పక్కకు చేరి చూస్తున్నారు. అమ్మ భయంతో మునిగిపోతుందని నేను అటు ఈదబోయాను.

"ఏమేవ్!" నాన్న చక్రం వదిలేసి అరిచారు.

అమ్మ తల పైకెత్తింది. "నన్ను కాదు, ముందు చూసి నడపండి!"

లాంచీ అంతా గొల్లున నవ్వింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న, "నాకు చెబితే నేర్పేవాణ్ణిగా?" అన్నారు.

"మీరు నవ్వుతారని."

నాన్న కంచంలో చెయ్యి అలాగే ఉంచేశారు. "సరదాకి అన్నానే ఇన్నాళ్లూ. నీకంత భయమని నాకు తట్టనేలేదు."

"ఇప్పుడు లేదులెండి" అని అమ్మ ఆయనకు ఇంకాస్త వడ్డించింది.

తర్వాతి సెలవు రోజున ముగ్గురం ఇసుక మేట దాకా ఈదాం. నాన్న అమ్మ పక్కనే, ఆమెకు తగ్గట్టు వేగం తగ్గించుకుని వచ్చారు.

కొన్నేళ్లకు ఏటి మీద వంతెన కట్టారు. లాంచీ ఆగిపోయింది, నాన్న వేరే ఊళ్లో పని వెతుక్కుంటే మేమూ ఊరు మారాం. ఇప్పుడు మా అపార్టుమెంటులో ఈతకొలను ఉంది. మొన్న అమ్మను తీసుకెళ్లాను. గట్టు మీద కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టి, కాసేపు చూసింది.

"ఎటూ పోవేంటే ఈ నీళ్లు?" అంది.

నేనూ పక్కన కూర్చుని కాళ్లు దించాను.